తెనాలి నుంచి డాలస్‌కు 57 గంటలు

2019 సెప్టెంబర్‌లో అమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, సోఫాలో కూర్చోగానే చేతి గడియారం చూసుకుంది. అది నాన్న వాడిన హెచ్‌ఎంటీ, రోజూ కీ ఇచ్చుకునే రకం. నాన్న పోయాక పట్టీ మార్పించి అమ్మ పెట్టుకుంటోంది. మా గోడ గడియారంలో పగలు పదకొండున్నర. అమ్మ గడియారంలో పది. దారిలో ఎక్కడా టైమ్ మార్చలేదు, తెనాలి టైమే ఉంచేసింది. "మనకిప్పుడు ఆదివారం రాత్రి పది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు కారెక్కాను" అని వేళ్ల మీద లెక్కపెట్టింది. "యాభై ఏడు గంటలైందమ్మాయ్" అంది.

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఆ టికెట్ కొన్నది నేను. రెండు టికెట్లు పక్కపక్కన పెట్టి చూసి, 280 డాలర్లు తక్కువని ఇదే కొన్నాను. "శనివారం తెల్లవారుజామున రెండింటికి ఎక్కితే శనివారం రాత్రే మా దగ్గర ఉంటావు" అని అమ్మకు ఫోన్లో చెప్పాను. టికెట్ మీద అలాగే ఉంది మరి. హైదరాబాద్‌లో శనివారం రాత్రి 2:00, డాలస్‌లో శనివారం రాత్రి 11:30. చూసేవాళ్లకు ఇరవై ఒకటిన్నర గంటల ప్రయాణం అనిపిస్తుంది. మధ్యలో పదిన్నర గంటల కాలం తేడా ఉంది కాబట్టి అసలు లెక్క 32 గంటలు. ఆ 32 కూడా ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కే. తెనాలి నుంచి శంషాబాద్ దాకా ఉన్న దారి అందులో లేదు. కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిపోతే అన్న ఆలోచన కూడా లేదు.

ఆ రోజు నుంచి నేను దూరం అన్న మాటను వేరేగా చూడటం మొదలుపెట్టాను. అమ్మానాన్నలకు టికెట్లు కొనే మనలాంటి పిల్లలందరం కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్, ధర ఈ మూడే చూస్తున్నాం. చూడాల్సింది వాళ్లు నేల మీద గడిపే గంటలు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ముందు కిలోమీటర్ల సంగతి. రెండు ఊళ్ల పేర్లు కొడితే దూరం, ఫ్లైట్ టైమ్ చెప్పే సైట్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్, డాలస్ అని కొడితే సుమారు 14,400 కిలోమీటర్లు అని వస్తుంది. పక్కనే పదహారు, పదహారున్నర గంటలు అని కూడా వస్తుంది. ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 14,400ని 900తో భాగిస్తే 16. ఎక్కడానికి దిగడానికి ఓ అరగంట. లెక్క సరైనదే, కానీ ఆ విమానమే లేదు. ఇది రాస్తున్న నాటికి హైదరాబాద్ నుంచి డాలస్‌కే కాదు, అమెరికాలో ఏ ఊరికీ నాన్‌స్టాప్ ఫ్లైట్ లేదు. లేని ఫ్లైట్‌కి టైమ్ చెప్పే ఆ అంకెను మన బంధువులు నిజమని నమ్ముతారు. "పదహారు గంటలేగా, ఓ పూట నిద్రపోతే అయిపోతుంది" అని మా పెదనాన్న అమ్మకు ధైర్యం చెప్పాడట.

అయినా ఆ 14,400 కిలోమీటర్ల దారి ఎటు పోతుందో ఒకసారి చూడాల్సిందే. మా అమ్మాయి గ్లోబు తీసుకుని, పూలు కట్టే దారం ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాను. దారం యూరప్ మీదుగా పోతుందనుకున్నాను. అది తిన్నగా పైకి, ఉత్తర ధ్రువం వైపు జరిగిపోయింది. హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78 డిగ్రీల మీద ఉంది, డాలస్ పశ్చిమ రేఖాంశం 97 మీద ఉంది. రెండూ కలిపితే దాదాపు 175. అంటే భూగోళానికి ఇంచుమించు అటు వైపు ఒకరం, ఇటు వైపు ఒకరం. అందుకే దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. కశ్మీర్ మీదుగా కజకిస్తాన్, సైబీరియా, గడ్డకట్టిన ఆర్కిటిక్ సముద్రం, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల పక్కగా తిరిగి, కెనడా మంచు దీవులు, విన్నిపెగ్ దరిదాపులు, అక్కణ్ణుంచి దిగువకు ఓక్లహోమా, టెక్సాస్. మా అమ్మాయి దారం మీద వేలు పెట్టి జరుపుకుంటూ "అమ్మమ్మ ఇంటికి నార్త్ పోల్ మీంచి వెళ్లొచ్చా?" అని అడిగింది.

వెళ్లొచ్చు. సరిగ్గా అలాంటి దారినే ఒక విమానం వెళ్లింది కూడా. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువం మీదుగా నాన్‌స్టాప్ నడిపింది. సుమారు 14,000 కిలోమీటర్లు, దాదాపు 17 గంటలు. కాక్‌పిట్‌లో ఉన్న పైలట్లందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం, ఆమెతో పాటు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా వారానికొకసారి నాన్‌స్టాప్ మొదలైంది. మా వాట్సాప్ గ్రూపుల్లో పండగ చేసుకున్నాం. కానీ అది ఎక్కువ కాలం నడవలేదు.

ఎందుకు నిలవదు అన్నది తెలుసుకుంటే కోపం కొంచెం తగ్గుతుంది. దూరం పెరిగే కొద్దీ ఇంధనం పెరుగుతుంది, ఆ ఇంధనం బరువును మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. షికాగో ఫ్లైట్‌కి వాడిన బోయింగ్ 777-200ఎల్‌ఆర్ ట్యాంకుల్లో సుమారు 1,80,000 లీటర్లు పడుతుంది. అంత నింపుకుని ఎగిరే విమానం జనాన్ని, సరుకును తగ్గించుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చు రాబట్టాలంటే ముందు వరసల్లో బిజినెస్ క్లాస్ సీట్లు రోజూ నిండాలి. మన ఊరి నుంచి అమెరికా వెళ్లేది ఎక్కువగా చదువుకునే పిల్లలు, వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు, సెలవులకు వచ్చి తిరిగెళ్లే ఉద్యోగులు. వెనక సీట్లు కిటకిటలాడతాయి, ముందు సీట్లకు జనం చాలరు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనగణన లెక్కలు చూసినవాళ్లు చెప్పారు. మనుషులు పెరిగినంత మాత్రాన విమానం రాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆకాశంలో గోడలు లేవనుకుంటాం గానీ ఉన్నాయి. రష్యా 2022 నుంచి అమెరికా విమానాలను తన మీదుగా పోనివ్వడం లేదు. పాకిస్తాన్ 2025 ఏప్రిల్ నుంచి మన విమానాలకు దారి మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా ఫ్లైట్లు కొన్ని చుట్టూ తిరిగి, మధ్యలో వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. మా దారం పోయిన దారిలో హిమాలయాల సంగతి కూడా ఉంది. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకు దించాలి. కింద కొండలే ఇరవై వేల అడుగులుంటే ఎక్కడికి దించుతాడు? అందుకే అటువైపు దారులు తక్కువ. ధ్రువం దగ్గర చలికి విమాన ఇంధనం, రకాన్ని బట్టి మైనస్ 40, మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టే ప్రమాదం, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఇవన్నీ దాటితే గాలి. ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు నదిలా పారుతుంది. ఢిల్లీ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు పట్టే టైమ్ కంటే తిరుగు ప్రయాణం గంటన్నర, రెండు గంటలు తక్కువ. అవే రెండు ఊళ్లు, అదే విమానం.

ఇదంతా చదివాక మావారు అన్నారు, "అయితే నాన్‌స్టాప్ వచ్చేదాకా ఇంతే". నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అప్పటికే అమ్మ 57 గంటలను కాగితం మీద విడగొట్టి చూశాను.

అమ్మ గాల్లో ఉన్నది హైదరాబాద్ నుంచి గల్ఫ్ దాకా 4 గంటలు, అక్కణ్ణుంచి అమెరికా తూర్పు తీరానికి 14, అక్కణ్ణుంచి డాలస్‌కు 4. మొత్తం 22. మిగతా 35 గంటలు నేల మీదే. రాత్రిపూట హైవే మీద ప్రయాణం వద్దని కారు మధ్యాహ్నమే బయలుదేరింది. సూర్యాపేటలో టీకి ఆగి, పెద్దఅంబర్‌పేట దగ్గర రింగురోడ్డెక్కి, రాత్రి ఎనిమిదికి శంషాబాద్ చేరారు. అది 7 గంటలు. శంషాబాద్‌లో 6 గంటలు. గల్ఫ్‌లో 8. అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్ట్‌లో పన్నెండున్నర. డాలస్‌లో దిగి, ఆ ఊరి శివారు ఫ్రిస్కోలో మా ఇంటికి చేరడానికి గంటన్నర. ఈ 35 గంటల్లో ఒక్క గంట కూడా రెండు దేశాల మధ్య దూరం వల్ల రాలేదు. ఎక్కువ భాగం నేను టికెట్ ఎంచుకున్న తీరు వల్ల వచ్చినవే.

గల్ఫ్‌లోని ఆ 8 గంటలు ఎలా గడిచాయో అమ్మ ఒకేసారి చెప్పలేదు. వంట చేస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో కొంచెం కొంచెంగా చెప్పింది. వీల్‌చైర్ తోసే అబ్బాయి ఆమెను ఒక మూల వరసలో దింపి, తర్వాత వస్తానని సైగ చేసి వెళ్లాడు. ఆ వరసలో మన పెద్దవాళ్లే ఇంకో పదిమంది ఉన్నారట. చేతిసంచిలో మందుల డబ్బా, మంకీ క్యాప్, రెండు చపాతీలు, నేను పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాగితం. ఎదురుగా మంచినీళ్ల పంపు కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్తే ఆ అబ్బాయి వచ్చి వెతుక్కుంటాడేమో, ఫ్లైట్ తప్పిపోతుందేమో అని టెన్షన్. పక్కనున్న వరంగల్ ఆవిడ ఒకరు సీసా నింపి తెచ్చి ఇచ్చేదాకా అమ్మ నీళ్లు తాగలేదు. ఫోన్లో వైఫై రావాలంటే నంబర్‌కి ఓటీపీ రావాలి, అమ్మ సిమ్‌కి రోమింగ్ లేదు. నేను ఇక్కడ ఫ్రిస్కోలో యాప్‌లో విమానం బొమ్మ చూస్తూ "అంతా టైమ్‌కే ఉంది" అనుకుంటున్నాను. ఎనిమిది గంటలు నీళ్లు తాగాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోవడం ఏ యాప్‌లోనూ కనిపించదు.

దారిలో గడియారానికి రెండుసార్లు కీ ఇచ్చిందట. శనివారం పొద్దున ఆరింటికి గల్ఫ్‌లో దిగుతూ ఒకసారి, ఆదివారం పొద్దున, అంటే అమెరికా ఎయిర్‌పోర్ట్‌లో కుర్చీల మీద పడుకుని లేచినప్పుడు ఇంకోసారి. ఆగిపోతే నాకేమీ తెలియకుండా పోతుంది అనుకున్నానంది.

అమెరికాలో కుర్చీల మీద ఎందుకు పడుకోవాల్సి వచ్చిందో చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. బయటి దేశం నుంచి వచ్చేవాళ్లకు మామూలుగా అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్ అవ్వాలి. లగేజీ చివరి ఊరిదాకా ట్యాగ్ వేసినా సరే, అక్కడే బెల్టు మీంచి దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత మళ్లీ సెక్యూరిటీ, టెర్మినల్ మారితే రైలు. ఇరవై మూడేసి కిలోల రెండు పెట్టెలు, వాటిలో గోంగూర పచ్చడి, కారప్పొడి. అన్నిటినీ తెరిచి చూపించమంటే ఒక గంట. అమ్మకు నేను పెట్టిన గడువు రెండు గంటలు. అదృష్టం బాగుంటే సరిపోయేది. లైను పెద్దదిగా ఉంది, సరిపోలేదు. డాలస్ వెళ్లే ఆఖరి ఫ్లైట్ 8:30కి వెళ్లిపోయింది. కౌంటర్ దగ్గర మరునాడు పొద్దున ఏడింటి ఫ్లైట్‌కి బోర్డింగ్ పాస్ ఇచ్చి పంపారు. రాత్రి ఎక్కడ ఉంటావని ఎవరూ అడగలేదు. నేను ఫోన్లో ఎంత మొత్తుకున్నా లైన్ కలిసేది కాదు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా మొదట ఇదే చెప్తున్నాను. మారక తప్పకపోతే అమెరికా బయట మారండి, లోపల మారకండి. పిల్లలున్న ఊళ్లోనే విమానం మొదట దిగాలి. అక్కడ ఇమ్మిగ్రేషన్‌కి మూడు గంటలు పట్టినా పోయేదేమీ లేదు, అద్దాల అవతల మనం నిలబడి ఉంటాం. షికాగోలో ఉన్న మా పిన్ని కూతురు వాళ్ల అత్తగారిని అబుదాబి మీదుగా తెచ్చుకుంది. 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే, విమానం ఎక్కకముందే అయిపోతుంది. షికాగోలో దిగాక మామూలు డొమెస్టిక్ ప్రయాణికుల్లా పెట్టెలు తీసుకుని బయటికి వచ్చేయడమే. అలాంటప్పుడు అబుదాబిలో కనీసం మూడు నాలుగు గంటల ఖాళీ ఉంచుకోవాలి.

ఇంక నాన్‌స్టాప్ గురించి. అందరూ అడిగే మాట, "నాన్‌స్టాప్ ఉంటే ఈ బాధే ఉండదు కదా". నాకూ అది కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికి నాన్న గురించి రాయాలి. 2017లో ఒక బుధవారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి "నాన్న లేడు అక్కా" అన్నాడు. దొరికిన టికెట్ పట్టుకుని బయలుదేరి, రెండు చోట్ల మారి, తెనాలి చేరేసరికి 38 గంటలు. నాన్నను అద్దాల ఫ్రీజర్ బాక్స్‌లో పెట్టి నా కోసం ఉంచారు. వచ్చిన బంధువులు సగంమంది వెళ్లిపోయారు. అమ్మ రెండు రాత్రులు ఆ బాక్స్ పక్కనే కూర్చుని ఉంది. మధ్యలో ఒక ఎయిర్‌పోర్ట్‌లో అయిదు గంటలు నేను గేటు ముందు అటూఇటూ నడుస్తూనే ఉన్నాను. ఆ రోజు ఎవరైనా పదహారు గంటల ఫ్లైట్ ఉందంటే నా దగ్గరున్నదంతా ఇచ్చేదాన్ని. చావుకో, ఆపరేషన్‌కో వెళ్లేవాళ్లకు ప్రతి గంటా లెక్కే. వాళ్ల కోసమైనా హైదరాబాద్ నుంచి ఒక్క నాన్‌స్టాప్ ఉండాలి. ఆ డిమాండ్‌ను మన సంఘాలు, మన నాయకులు వదిలిపెట్టకూడదు.

కానీ అరవై దాటిన అమ్మకు మామూలు రోజుల్లో నాన్‌స్టాప్ అంత గొప్పదా అంటే, కాదనిపిస్తోంది. సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్లే విమానం 15,300 కిలోమీటర్లు పైగా, పద్దెనిమిదిన్నర గంటలకు పైనే ఆగకుండా పోతుంది. సిడ్నీ నుంచి లండన్‌కు ఇరవై గంటలు దాటే ఫ్లైట్ కోసం క్వాంటాస్ ఏళ్లుగా సిద్ధమవుతోంది. అంతసేపు ఇరుకు సీట్లో, కిటికీ పక్కన చిక్కుకుని, పక్కవాళ్లను లేపడానికి మొహమాటపడి బాత్‌రూమ్‌కి వెళ్లని మనిషి మా అమ్మ. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్తారు. నాలుగు గంటలకు మించిన ఏ ప్రయాణంలోనైనా ఆ ప్రమాదం పెరుగుతుంది. మధ్యలో ఒకచోట దిగి, రెండు గంటలు నడిచి, మొహం కడుక్కుని, వేడివేడిగా ఏదైనా తాగి మళ్లీ ఎక్కడం ఆమెకు మేలే చేస్తుంది. చేటు చేసేది ఎనిమిది గంటల పడిగాపులు, అర్థంకాని రెండో మార్పు.

పైగా మధ్యలో ఆగడం వల్ల దూరం పెద్దగా పెరగదు. ఇది నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డాలస్ సుమారు 12,920. కలిపితే 15,470. తిన్నని దారి కంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, అంటే విమానానికి గంటా పది నిమిషాలు. చుట్టుదారి అని మనం తిట్టుకునేది నిజానికి చుట్టు కానే కాదు. ఇంకో మాట. టికెట్ మీద "డైరెక్ట్" అని ఉంటే నాన్‌స్టాప్ అని అర్థం కాదు. ఒకే నంబర్‌తో నడిచే ఫ్లైట్ మధ్యలో ఎక్కడైనా ఆగితే దాన్ని కూడా డైరెక్ట్ అనే అంటారు. అడిగి తెలుసుకుని కొనాలి.

2023 మేలో అమ్మ రెండోసారి వచ్చింది. ఈసారి ముందు రోజే తెనాలి నుంచి వనస్థలిపురంలో పిన్ని ఇంటికి వచ్చి పడుకుంది. కారులో అయిదు గంటలు, ఆ తర్వాత రాత్రంతా నిద్ర. మరునాడు సాయంత్రం అయిదున్నరకు బయలుదేరి శంషాబాద్, రాత్రి 9:50కి ఫ్లైట్. దుబాయ్‌లో 2 గంటల 20 నిమిషాల ఆగడం, ఒక్కటే మార్పు. పొద్దున 9:50కి డాలస్‌లో దిగింది. చూశారా, రాత్రి 9:50కి ఎక్కి పొద్దున 9:50కి దిగింది. గడియారాల ప్రకారం 12 గంటలు. పదిన్నర గంటల తేడా కలిపితే ఇరవై రెండున్నర. డాలస్ ఎయిర్‌పోర్ట్ న్యూయార్క్‌లోని మన్‌హాటన్ కంటే పెద్దది, దిగాక బయటికి రావడానికే టైమ్ పడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు ఇంట్లో ఉంది. పిన్ని ఇంటి గుమ్మం నుంచి మా గుమ్మం దాకా 29 గంటలు.

మళ్లీ కాగితం తీసి విడగొట్టాను. గాల్లో 20 గంటల 10 నిమిషాలు. నేల మీద 8 గంటల 50 నిమిషాలు. మొదటి ప్రయాణానికీ దీనికీ గాల్లో ఉన్న టైమ్‌లో తేడా రెండు గంటల లోపు. నేల మీద తేడా 26 గంటలు. వనస్థలిపురం దాకా వచ్చిన అయిదు గంటలు కలిపినా ఇంకా ఎంతో తక్కువ. రెండు ఎయిర్‌పోర్ట్‌ల మధ్య దూరం ఎప్పుడూ ఉన్నంతే ఉంది. ఇంజిన్ మారలేదు, వేగం మారలేదు. నేను 280 డాలర్లకు కక్కుర్తిపడకపోవడం ఒక్కటే మారింది.

డబ్బు మాట కూడా సూటిగా మాట్లాడుకోవాలి. "నాకెందుకే అంత ఖర్చు, ఎంతసేపైనా కూర్చుంటాను" అని అమ్మలు అంటారు. వాళ్లు అలాగే అంటారు, జీవితమంతా అలాగే అన్నారు. ఆ మాట పట్టుకుని చవక టికెట్ కొనడం నాకిప్పుడు తప్పనిపిస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకో, చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసుకునే పిల్లలకో 280 డాలర్లు పెద్ద మొత్తమే, వాళ్లను నేను ఏమీ అనను. అయినా వాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పెద్ద వయసువాళ్లు ఒక్కరే వస్తుంటే అదే ఫ్లైట్‌లో వచ్చే తెలుగువాళ్లెవరైనా ఉన్నారా అని ముందే కనుక్కోవచ్చు. ఆ వరంగల్ ఆవిడ లాంటి మనిషి పక్కనుంటే ఎనిమిది గంటలు నాలుగు గంటల్లా గడుస్తాయి. టికెట్లన్నీ ఒకే బుకింగ్‌లో ఉండేలా చూసుకోవాలి. విడివిడిగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండోది మన నష్టమే. బీపీ, షుగర్ మాత్రలు ఏ టైమ్‌కి వేసుకోవాలో బయలుదేరేముందే డాక్టర్‌ని అడిగి, ఇండియా టైమ్‌తోనే కాగితం మీద రాసివ్వాలి. మా అమ్మకు ఆ గడియారం అందుకే అంత పనికొచ్చింది. ఏ దేశం మీదున్నా రాత్రి తొమ్మిదికి బీపీ మాత్ర అంటే ఆమెకు ఒకటే తొమ్మిది.

ఈ నవంబర్‌లో అమ్మ మళ్లీ రావాలి. ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అప్పుడు కాలం తేడా పదకొండున్నర గంటలు. నిన్న రాత్రి రెండు టికెట్లు తెరిచి పెట్టుకుని అమ్మకు ఫోన్ చేశాను. ఒకటి 190 డాలర్లు తక్కువ, రెండుచోట్ల మారాలి, అందులో ఒకటి అమెరికా లోపల. రెండోది ఒకేచోట, మూడు గంటల ఆగడంతో. కిలోమీటర్లు గానీ ధర గానీ చెప్పలేదు. పిన్ని ఇంటి నుంచి ముప్ఫై గంటలు అని మాత్రం చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. లెక్క వేసుకుంటోందని తెలుసు.

"అయితే దారిలో కీ ఒక్కసారి ఇస్తే చాలు" అంది.

"ఒక్కసారే అమ్మా" అన్నాను.